పై పైపు 92, కింది పైపు 84

మన స్నానాల గదిలో గోడకు వేలాడే గీజరు సాధారణంగా 2 కిలోవాట్లది. అలాంటివి పదిహేడు గీజర్లు ఒకేసారి వేసి, గంటసేపు ఒక్కటీ ఆపలేదనుకోండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోతున్న 3 లీటర్ల పాత స్పోర్ట్స్ కారులో ఇంజను చుట్టూ తిరిగే నీరు మోసుకెళ్లి గాలికి అప్పగించాల్సిన వేడి అంత ఉంటుంది.

లెక్క కష్టమైనదేమీ కాదు. ఆ వేగంలో గంటకు సుమారు 12 లీటర్ల పెట్రోలు కాలుతుందనుకుందాం. లీటరు పెట్రోలులో దాదాపు 32 మెగాజూళ్ల శక్తి ఉంటుంది. గంటకు 384 మెగాజూళ్లంటే 107 కిలోవాట్లు. అందులో స్థూలంగా మూడో వంతు చక్రాలను తిప్పడానికి పోతుంది. ఇంకో వంతు పొగగొట్టం దారి పడుతుంది. మిగిలిన 35 కిలోవాట్లు నీటి పాలు. ఈ 35 కిలోవాట్లు ఎక్కడో ఒకచోట ఆగిపోయినప్పుడే టెంపరేచర్ గేజి ముల్లు ఎర్రగీత వైపు పాకుతుంది. ఎక్కడ ఆగిందో కనుక్కోవడమే రోగనిర్ణయం.

దీనికి నేను ఎంచుకున్న కారు ట్రయంఫ్ స్టాగ్. 1970 జూన్‌లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ నుంచి వచ్చింది. నలుగురు కూర్చునే ఓపెన్ టాప్ బండి. 2,997 సీసీ వి8 ఇంజను, 145 హార్స్‌పవర్. 1977లో ఉత్పత్తి ఆగేసరికి తయారైనవి దాదాపు 26 వేలు. దాని రూపకర్త ఇటలీకి చెందిన జొవానీ మికెలోట్టి. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఆ పేరు విని ఉండకపోవచ్చు గానీ ఆయన చేతి గీతను చూసే ఉంటారు. మద్రాసులో తయారై మన రోడ్ల మీద తిరిగిన స్టాండర్డ్ హెరాల్డ్ కూడా ఆయన గీసిందే.

స్టాగ్‌కు అందంతో పాటు ఇంజను వేడెక్కుతుందన్న అపకీర్తి కూడా వచ్చింది. విసిగిపోయిన యజమానులు చాలామంది ఆ వి8ను పీకేసి, రోవర్ వి8నో, ట్రయంఫ్ వారిదే ఆరు సిలిండర్ల ఇంజనునో బిగించుకున్నారు. ఆ మార్పిళ్లలో చాలావాటికి అవసరమే లేదని నా నమ్మకం. ముల్లు చూపే ఒక్క అంకెను పట్టుకుని ఇంజనుకు శిక్ష వేశారు. వేడి జబ్బు ఒక్క అంకెలో దొరకదు. రెండు అంకెల మధ్య తేడాలో దొరుకుతుంది.

ముందు ముల్లునే అనుమానించాలి

ఆ కాలపు బ్రిటిష్ కార్లలో టెంపరేచర్ గేజి, పెట్రోలు గేజి రెండింటికీ ఒకే చిన్న డబ్బా నుంచి కరెంటు వస్తుంది. దాన్ని వోల్టేజి స్టెబిలైజర్ అంటారు. ఇంజను నడుస్తున్నప్పుడు బండిలో ఉండే 14 వోల్టులను అది సగటున 10 వోల్టులకు తగ్గించి ఇస్తుంది. అది పాడైనా, దాని ఎర్త్ తుప్పుపట్టి వదులైనా పూర్తి 14 వోల్టులు గేజీలకు వెళ్తాయి. ఇంజను చల్లగానే ఉంటుంది, ముల్లు మాత్రం ఎర్రగీత దగ్గర నిలబడుతుంది.

దీన్ని పట్టుకోవడానికి పనిముట్లేమీ అక్కర్లేదు. పక్కనున్న పెట్రోలు గేజి చూడండి. సగం ట్యాంకే ఉందని మీకు తెలుసు, అది ముప్పావు పైన చూపిస్తోంది. రెండు ముళ్లూ కలిసి పైకెక్కాయంటే జబ్బు ఇంజనుది కాదు, ఆ డబ్బాది. కొన్ని వందలతో పోయే రోగానికి రేడియేటరు మార్పించుకున్నవాళ్లు ఉన్నారు.

దీనికి తలకిందులైన ప్రమాదం మరొకటి ఉంది, అది ఇంతకన్నా చెడ్డది. గేజికి కబురు పంపే సెన్సరు నీటిలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. నీరంతా కారిపోయి అది ఖాళీలో మిగిలితే ముల్లు పెరగదు, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. బానెట్ దగ్గర కాలిన వాసన వస్తుంటే, ముల్లు ఉన్నట్టుండి చల్లబడిందంటే సంతోషించకండి. అదే క్షణంలో బండి పక్కకు తీసి ఇంజను ఆపాలి.

రెండు పైపులు

ఇప్పుడు అసలు పరీక్ష. తుపాకీలా పట్టుకుని గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఒకటి, నల్ల ఇన్సులేషన్ టేపు ఒక చుట్ట చాలు. టేపు ఎందుకంటే, మెరిసే అల్యూమినియం తన వేడిని దాచుకుంటుంది. దాని మీద నేరుగా గురిపెడితే ఈ యంత్రం అసలుకన్నా ఎంతో తక్కువ చూపిస్తుంది. కొలవాల్సిన చోట నల్ల టేపు ముక్క అంటించి దాని మీద చూస్తే నమ్మదగిన అంకె వస్తుంది.

అరగంట బండి నడిపి, నీడలో ఆపి, ఇంజనును 2,000 చుట్ల దగ్గర నిలపండి. ఫ్యాను, బెల్టుల నుంచి చేతులూ చొక్కా అంచులూ దూరంగా ఉంచి, రేడియేటరులోకి వేడినీరు వచ్చే పై పైపు మొదలును, చల్లబడ్డ నీరు ఇంజనుకు తిరిగి వెళ్లే కింది పైపు మొదలును కొలవండి.

పైన 92, కింద 84 వచ్చాయనుకుందాం. ఎనిమిది డిగ్రీల తేడా. (ఈ వ్యాసంలో డిగ్రీలన్నీ సెల్సియస్.) ఇది ఆరోగ్యం. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ చల్లబడితే దాదాపు 4.2 కిలోజూళ్లు వదులుతుంది. రోడ్డు మీద 35 కిలోవాట్లు ఎనిమిది డిగ్రీల తేడాతో పోవాలంటే సెకనుకు లీటరు పైచిలుకు, అంటే నిమిషానికి 60 లీటర్లకు మించి నీరు తిరుగుతూ ఉండాలి. స్టాగ్‌లో ఉండేదే సుమారు 10 లీటర్లు. ఉన్న నీరంతా నిమిషానికి ఆరుసార్లు చుట్టి వస్తోందన్నమాట.

అదే పైన 105, కింద 81 వస్తే? తేడా 24. కింది అంకె చూస్తే రేడియేటరు తన పని చక్కగా చేస్తోంది. దాని చేతికి వచ్చిన కాస్త నీటిని బాగానే చల్లారుస్తోంది, కానీ వచ్చేదే మూడో వంతు. దోషం నీటి ప్రవాహంలో ఉంది. పంపు రెక్కలు అరిగి ఉండొచ్చు, బెల్టుతో తిరిగే పంపైతే బెల్టు జారుతుండొచ్చు, థర్మోస్టాట్ సగమే తెరుచుకుని ఉండొచ్చు, లేదా ఇంజను వేగం పెరిగినప్పుడు పంపు లాగే లాగుడుకు కింది పైపు లోపలికి నొక్కుకుపోతుండొచ్చు. రబ్బరు మెత్తబడ్డ పాత పైపుల్లో ఈ చివరిది తరచు జరుగుతుంది. బండి నిలిపి చూస్తే పైపు గుండ్రంగానే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

పైన 108, కింద 105 వస్తే? నీరు జోరుగా తిరుగుతోంది, చల్లారడమే లేదు. దోషం గాలిది. ఫ్యాను తిరగడం లేదు, లేదా రేడియేటరు రెక్కల మధ్య పురుగులు, దుమ్ము పేరుకున్నాయి, లేదా రేడియేటరు చుట్టూ ఉండాల్సిన రేకులు ఎవరో తీసి మళ్లీ పెట్టలేదు. స్టాగ్‌లో ఫ్యాను ఒక విస్కస్ కప్లింగ్ ద్వారా తిరుగుతుంది. లోపలి జిగట ద్రవం కారిపోతే ఫ్యాను తిరుగుతున్నట్టే కనిపిస్తుంది గానీ గాలి లాగదు.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. అనుభవం లేనివాళ్లు పొరపడేది ఇక్కడే. 82 డిగ్రీల థర్మోస్టాట్ 82 దగ్గర తెరుచుకోవడం మొదలుపెడుతుంది, అంతే. పూర్తిగా తెరుచుకునేసరికి 95 దాకా అవుతుంది. చలికాలం ఉదయాన అది పావు వంతే తెరుచుకుని ఉంటే రేడియేటరులోకి వెళ్లే నీరే తక్కువ. అప్పుడు తేడా 25 వచ్చినా అది జబ్బు కాదు. ఇంజను నిజంగా వేడెక్కుతున్నప్పుడు కొలిచిన తేడాకే విలువ.

అదే థర్మామీటరుతో రేడియేటరు ముఖాన్ని జానెడు జానెడుగా తడమండి. వేడిగా ఉండాల్సిన చోట ఒక పట్టీ చల్లగా తగిలితే ఆ గొట్టాలు మూసుకుపోయినట్టు. రేడియేటరు షాపువాళ్లు పై ట్యాంకు టంకం విప్పి, సన్నని చువ్వలతో రాడ్డింగ్ చేసేది ఆ గొట్టాలకే.

గాలి ఎంత కావాలి, ఎండ ఎంత కోస్తుంది

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ చల్లార్చాలంటే, దాదాపు 3,700 లీటర్ల గాలి ఒక డిగ్రీ వేడెక్కాలి. నీటికీ గాలికీ ఉన్న అంతరం అది. రోడ్డు మీద ఆ గాలిని బండి వేగమే తెచ్చిపెడుతుంది. ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు ఫ్యాను ఒక్కటే దిక్కు. నిలబడ్డ ఇంజను పుట్టించే వేడి తక్కువే, మూడు గీజర్లంత. అయినా ముల్లు లేస్తుంది, ఎందుకంటే గాలి అంతకన్నా ఎక్కువగా తగ్గిపోయింది.

అందుకే ఎప్పుడు వేడెక్కుతోంది అన్న ప్రశ్నకు జవాబు సగం రోగనిర్ణయం. సిగ్నల్ దగ్గర లేచి, కదిలితే దిగేది గాలి జబ్బు. హైవే మీద వేగం పెరిగేకొద్దీ లేచేది నీటి జబ్బు, లేదా మూసుకుపోయిన రేడియేటరు. ఎత్తు ఎక్కేటప్పుడే లేచేదైతే ఇగ్నిషన్ టైమింగునూ పెట్రోలు మిశ్రమాన్నీ కూడా చూడాలి.

రేడియేటరు వదిలే వేడి దాని ఉష్ణోగ్రతకూ బయటి గాలికీ మధ్య ఉన్న అంతరాన్ని బట్టి ఉంటుంది. నీరు 90, ఇంగ్లండు వేసవి గాలి 20 అయితే అంతరం 70. అదే బండి మే నెల హైదరాబాదులో, 42 డిగ్రీల గాలిలో నిలబడితే అంతరం 48. ఏ లోపమూ లేని రేడియేటరు కూడా 31 శాతం చిన్నదైపోయినట్టే. రోడ్డు తారు మీద నుంచి లేచే గాలి ఇంకా వేడిగా ఉంటుంది. ఆ 70కి లెక్కగట్టి చేసిన బండిని 48లో నడిపేవాళ్లకు, కోవెంట్రీలో బయటపడని చిన్న లోపం కూడా బయటపడుతుంది.

మూత మీద ఉన్న అంకె

రేడియేటరు మూత మీద 7, 10, 13 అని ఏదో ఒక అంకె ఉంటుంది. అది పీఎస్ఐలో ఒత్తిడి. మామూలుగా 100 దగ్గర మరిగే నీరు 7 పీఎస్ఐ ఒత్తిడిలో 111 దాకా, 13లో 118 దాకా మరగదు. స్ప్రింగు అలిసిపోయి, రబ్బరు ఎండిపోయిన మూత 13 అని రాసి ఉన్నా 3 దగ్గరే వదిలేస్తుంది. అప్పుడు 105 డిగ్రీల దగ్గరే ఇంజను ఆవిరి కక్కుతుంది. నిజానికి ఇంజను వేడెక్కలేదు, మూత ఓడిపోయింది. పంపు గేజితో మూతను పరీక్షించడం రెండు నిమిషాల పని.

పెద్ద అంకె మూత వేస్తే చాలునని కొందరు అనుకుంటారు. మరిగే స్థానం పెరుగుతుంది, వేడి మాత్రం అణువంతైనా తగ్గదు. పైగా యాభై ఏళ్ల నాటి టంకపు అతుకుల మీద ఆ భారం పడుతుంది. తయారీదారు చెప్పిన అంకే వేయాలి.

వేడి మీద మూత ఎందుకు తీయకూడదో కూడా లెక్కే చెబుతుంది. 118 డిగ్రీల దగ్గర ఒత్తిడిలో ఉన్న 10 లీటర్ల నీటి మీద మూత తీస్తే, 100కు పడిపోయే ఆ 18 డిగ్రీల వేడికి 330 గ్రాముల నీరు అప్పటికప్పుడు ఆవిరైపోతుంది. అది 560 లీటర్ల ఆవిరి. పైన వంగి చూస్తున్న ముఖం మీదకు, మరిగే నీటిని వెంటేసుకుని వస్తుంది. గుడ్డ అడ్డం పెట్టుకుని తీసే అలవాటు దీన్ని ఆపలేదు.

స్టాగ్ సొంత కథ

పై జబ్బులు ఏ పాత కారుకైనా వస్తాయి. స్టాగ్‌కు పుట్టుకతో వచ్చినవి మూడున్నాయి.

మొదటిది పంపు ఉన్న చోటు. చాలా ఇంజన్లలో నీటి పంపు ముందుభాగాన, కాస్త కిందుగా, ఎప్పుడూ నీటిలో మునిగి ఉంటుంది. స్టాగ్‌లో అది రెండు సిలిండర్ల వరుసల మధ్య లోయలో, ఇంజను నెత్తిన కూర్చుంది. బెల్టుతో కాదు, లోపలున్న జాక్‌షాఫ్ట్ పళ్లతో తిరుగుతుంది. నీటి మట్టం తగ్గితే మొదట ఎండేది పంపే. వేరే కారు ఒక లీటరు తగ్గినా ఇంటికి చేర్చగలదు, స్టాగ్ చేర్చకపోవచ్చు. చిన్న కారుడును పట్టించుకోకపోవడం ఈ బండిలోనే ఇంత ఖరీదైన తప్పు. తెలిసిన యజమానులు నీటి మట్టం తగ్గగానే మోగే అలారం పెట్టుకుంటారు. నేనైతే కొత్త రేడియేటరుకన్నా ముందు దాన్నే పెట్టిస్తాను.

రెండోది పోత ఇసుక. ఇనుప బ్లాకు పోత పోసేటప్పుడు లోపలి నీటి దారుల కోసం ఇసుక అచ్చులు పెడతారు. పోత అయ్యాక ఆ ఇసుకంతా కడిగి తీయాలి. స్టాగ్ బ్లాకుల్లో కొన్నిట్లో అది పూర్తిగా పోలేదు. కొత్త బండిలోనే ఇసుక నీటితో కలిసి తిరిగి రేడియేటరు సన్నగొట్టాల్లో చేరింది. యజమాని రేడియేటరు మార్చాడు, కొత్తదానిలోకీ అదే ఇసుక వచ్చింది. బ్లాకు పక్కనుండే డ్రెయిన్ ప్లగ్గు విప్పినా నీరు కారడం లేదంటే లోపల బురద గడ్డకట్టిందని అర్థం. అలాంటప్పుడు ఒక తీగ పెట్టి పొడిచి, నీరు తేటగా వచ్చేదాకా రెండు వైపుల నుంచీ కడగాలి. అదయ్యేదాకా వేరే ఏ భాగానికీ డబ్బు పెట్టకూడదు.

మూడోది రెండు లోహాల కాపురం. బ్లాకు పోత ఇనుము, హెడ్లు అల్యూమినియం. వాటి మధ్య ఉత్త నీరు నిలిస్తే అల్యూమినియం తినేయబడుతుంది, ఆ తెల్లటి మడ్డి మళ్లీ రేడియేటరులోకే పోతుంది. దీన్ని ఆపేది కూలెంటులోని తుప్పు నిరోధకం. చలిదేశాల్లో గడ్డకట్టకుండా కూలెంటు పోస్తారు, చలి లేని చోట అది దండగనుకుని కుళాయి నీళ్లు పోస్తారు. స్టాగ్ లాంటి ఇంజనుకు అది విషం పోసినట్టు. నిరోధకం రెండేళ్లకో మూడేళ్లకో బలం కోల్పోతుంది. రంగు చూసి బాగుందనుకోకూడదు, పోసిన తేదీ రాసిపెట్టుకోవాలి.

కుళాయి నీటిలోని సున్నం మరో శత్రువు. నీళ్లు కాచే గిన్నెకు పట్టే గార లాంటిదే సిలిండరు గోడ వెనక పడుతుంది. వేడి ఆ గారలోంచి పోవడం పోత ఇనుములోంచి పోవడంకన్నా దాదాపు 25 రెట్లు కష్టం. ఒక మిల్లీమీటరు గార అంగుళం మందం ఇనుప గోడతో సమానం. ఇక్కడ నీరు చల్లగానే ఉంటుంది, గేజి మామూలుగానే చూపిస్తుంది, లోహం మాత్రం లోపల కాలిపోతుంటుంది.

ఈ రెండు లోహాలు వేడికి సాగే తీరూ వేరు. 450 మిల్లీమీటర్ల పొడవున్న హెడ్ అనుకుంటే, 80 డిగ్రీలు వేడెక్కినప్పుడు అల్యూమినియం సుమారు 0.8 మిల్లీమీటర్లు సాగుతుంది, దాని కిందున్న ఇనుము 0.4. ఆ 0.4 మిల్లీమీటర్ల రాపిడిని ప్రతి ప్రయాణంలోనూ హెడ్ గ్యాస్కెట్ భరిస్తుంది. ఒక్కసారి అతిగా వేడెక్కితే అల్యూమినియం వంకర పోతుంది, గ్యాస్కెట్ పోతుంది. స్టాగ్‌లో హెడ్‌ను పట్టి ఉంచేవాటిలో సగం నిలువుగా, సగం ఏటవాలుగా ఉంటాయి. ఉక్కు స్టడ్డులు అల్యూమినియంలో తుప్పుతో బిగుసుకుపోతే హెడ్ పైకి రావడమే గగనం.

ఇదే ఇంజను సగం ముక్కను, అంటే ఏటవాలు నాలుగు సిలిండర్లను, స్వీడన్ కంపెనీ సాబ్ తన 99 మోడల్‌లో వాడింది. తర్వాత దాన్ని తనే మళ్లీ దిద్దుకుని ఏళ్ల తరబడి నడిపింది. మూలం పనికిరానిదైతే అలా జరిగేది కాదు.

గ్యాస్కెట్ పోయిందా

చల్లటి ఇంజను స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాలకే, నీరు ఇంకా గోరువెచ్చగా ఉండగానే, పై పైపు రాయిలా బిగుసుకుంటే అనుమానం బలపడుతుంది. ఆ ఒత్తిడి ఆవిరిది కాదు, సిలిండరులోంచి వస్తున్న వాయువుది. రేడియేటరు మూతి దగ్గర పెట్టే నీలిరంగు ద్రవం పరీక్ష ఒకటుంది. పొగలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే నీలం పసుపు అవుతుంది. పసుపు అయితే వాదన ముగిసింది. కాకపోయినా, వేడి మీద బరువు లాగుతున్నప్పుడే కారే గ్యాస్కెట్లు ఉంటాయి కాబట్టి బండిని నడిపొచ్చి మరోసారి చూడాలి.

గ్యాస్కెట్ బాగానే ఉంటే మంట సంగతి చూడాలి. ఇగ్నిషన్ టైమింగ్ వెనకబడితే మంట ఆలస్యంగా మండి, ఆ వేడి ఎగ్జాస్ట్ దారిలో హెడ్‌కు చేరుతుంది. పెట్రోలులో ఇథనాల్ వాటా పెరగడం కూడా గుర్తుంచుకోవాలి. మామూలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి కావాలి, 20 శాతం ఇథనాల్ ఉన్నదానికి సుమారు 13.5 చాలు. పాత కార్బురేటరుకు ఆ సంగతి తెలియదు. మునుపటి కొలతే ఇస్తుంది, మిశ్రమం 8 శాతం పలచనవుతుంది. అప్పటికే పలచగా నడుస్తున్న ఇంజనుకు అది చివరి తోపు. జెట్లు సరిచూసుకోవాలి.

థర్మోస్టాట్ పీకేయమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. పీకితే చలిలో ఇంజను వేడెక్కదు, నూనెలో పెట్రోలు కలిసి సిలిండర్లు అరుగుతాయి. కొన్ని ఇంజన్లలో నీరు రేడియేటరుకు పోకుండా బైపాస్ అడ్డదారిలోనే తిరిగి, వేడి ఇంకా పెరుగుతుంది. తీసినదాన్ని పారేయకుండా గిన్నెడు నీళ్లలో దారంతో వేలాడదీసి, పొయ్యి మీద పెట్టి, థర్మామీటరుతో చూడండి. 82 దగ్గర కదిలి, నీరు మరిగేసరికి సుమారు 8 మిల్లీమీటర్లు తెరుచుకుంటే దాని తప్పేమీ లేదు.

చివరగా ఒక భయం తీసేస్తాను. రేడియేటరు అంచుదాకా నింపి బండి తీస్తే, తిరిగొచ్చేసరికి కింద నీళ్ల మడుగు కనిపిస్తుంది. 20 డిగ్రీల నుంచి 90కి వేడెక్కిన నీరు దాదాపు 3.4 శాతం ఉబ్బుతుంది. పది లీటర్లలో 340 మిల్లీలీటర్లు, ఒక పెద్ద గ్లాసుడు. పొంగిన నీటిని పట్టే సీసా లేని బండి దాన్ని కింద పోస్తుంది, మర్నాడు ఆ మేరకు మట్టం తగ్గుతుంది. మీరు మళ్లీ నింపుతారు, అది మళ్లీ పోస్తుంది. ఈసారి నింపకండి. రాత్రంతా ఆరిన ఇంజను మూత పొద్దున తీసి, లోపల నీరున్న చోట గుర్తు పెట్టుకోండి. మూడు ప్రయాణాల తర్వాత కూడా అది ఆ గుర్తు దగ్గరే ఉంటే మీ బండి ఎక్కడా కారడం లేదు.